శాన్ ఆంటోనియో నది ఒడ్డున అందుబాటు ధరలో మెక్సికన్ మధ్యాహ్న భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరం మధ్యలో ప్రవహించే నది ఒడ్డున ఉన్న ‘రివర్ వాక్’ అనే నడకదారిలో, నీళ్ళు కనిపించే టేబుల్ దగ్గర కూర్చుని మెక్సికన్ భోజనం చేయాలని ఆస్టిన్, హ్యూస్టన్, డాలస్‌లలో ఉండే తెలుగు కుటుంబాలు తరచుగా అనుకుంటాయి. ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ ప్రయాణం పెట్టుకుంటారు. బయలుదేరే ముందు అందరికీ వచ్చే సందేహాలు రెండు. అక్కడ ధరలు మనకు అందుతాయా అన్నది మొదటిది, మన ఇంట్లోవాళ్ళు తినగలిగేది ఏమైనా దొరుకుతుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ, వాటి వెంట వచ్చే మరికొన్ని ప్రశ్నలకూ ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఈ రివర్ వాక్ ఎక్కడ ఉంది? అక్కడికి వెళ్ళడానికి టికెట్ కొనాలా?

టికెట్ అవసరం లేదు. రివర్ వాక్ నగరానికి చెందిన బహిరంగ స్థలం కనుక ఎవరైనా ఎప్పుడైనా దిగి నడవవచ్చు. డౌన్‌టౌన్‌లో అలమో కోట నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లు దిగితే వీధి మట్టానికి దాదాపు ఒక అంతస్తు కింద, ఇరువైపులా రాతి బాటల మధ్య నది ఉంటుంది. పైన కార్లు, బస్సులు తిరుగుతున్న రద్దీ వీధి ఉన్నా కింద ఆ చప్పుడు చాలావరకు వినపడదు. ఒడ్డున పెరిగిన ఎత్తైన సైప్రస్ చెట్లు బాట మీద నీడ పరుస్తాయి. నడకదారి మొత్తం పొడవు సుమారు 15 మైళ్ళు ఉన్నా, రెస్టారెంట్లు ఎక్కువగా ఉన్నది డౌన్‌టౌన్‌లో నది గుర్రపు నాడాలా వంగిన భాగంలోనే. భోజనం కోసం వెళ్ళేవారు ఈ వంపు చుట్టూ ఒకసారి నడిచి చూస్తే చాలు.

దూరాల విషయానికి వస్తే, ఆస్టిన్ నుంచి సుమారు 80 మైళ్ళు, హ్యూస్టన్ నుంచి 200 మైళ్ళు, డాలస్ నుంచి 275 మైళ్ళు ఉంటుంది. ఆస్టిన్‌వారు పొద్దున బయలుదేరి మధ్యాహ్నం తిని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. డాలస్‌వారికి మాత్రం ఒక రాత్రి బస పెట్టుకోవడమే మంచిది.

నీళ్ళకు అంత దగ్గరగా టేబుళ్ళు వేశారు కదా, వానాకాలంలో నది పొంగదా?

ఇండియా నుంచి వచ్చిన పెద్దలు చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. గోదావరి, కృష్ణ వరదలు చూసినవారికి ఈ సందేహం రావడం సహజం. ఈ నది కూడా ఒకప్పుడు పొంగింది. 1921 సెప్టెంబరులో వచ్చిన వరద నగరంలో 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తరువాత ఎగువన ఓల్మోస్ ఆనకట్ట కట్టారు. వరద నీరు డౌన్‌టౌన్ వంపులోకి రాకుండా నేరుగా దిగువకు వెళ్ళిపోయేలా ఒక అడ్డకాలువ తవ్వారు. వంపుకు రెండు చివరలా గేట్లు ఉన్నాయి కనుక అందులో నీటిమట్టాన్ని దాదాపు ఒకే స్థాయిలో నిలపగలుగుతున్నారు. టేబుల్‌ను నీటి అంచుకు రెండు అడుగుల దూరంలో వేయగలగడానికి కారణం ఈ ఏర్పాటే.

ఆ వంపును సుందరంగా తీర్చిదిద్దవచ్చని 1929లో ప్రతిపాదించినవాడు రాబర్ట్ హగ్‌మన్ అనే స్థానిక వాస్తుశిల్పి. నదీ మట్టంలో దుకాణాలు, భోజనశాలలు ఉండాలన్నది అతని ఊహ. ఆర్థిక మాంద్యం కాలంలో నిరుద్యోగులకు పని కల్పించడానికి ఏర్పడిన ప్రభుత్వ పథకం కింద 1939 నుంచి 1941 వరకు రాతి బాటలు, మెట్లు, వంతెనలు కట్టారు. కట్టిన వెంటనే వ్యాపారాలు రాలేదు. 1946లో ఆల్ఫ్రెడ్ బేయర్ ‘కాసా రియో’ అనే మెక్సికన్ రెస్టారెంటును నది ఒడ్డున తెరిచాడు. ఈ నడకదారి మీద మొదటి రెస్టారెంటు అదే. అంటే నది పక్కన కూర్చుని ఎంచిలాడాలు (టోర్టియా అనే పల్చని రొట్టెలో చీజ్ లేదా మాంసం చుట్టి పైన గ్రేవీ పోసినవి) తినడం ఇటీవల పర్యాటకుల కోసం పుట్టిన అలవాటు కాదు, ఈ నడకదారి భోజన చరిత్ర దానితోనే మొదలైంది. 1968లో ఇక్కడ జరిగిన హెమిస్‌ఫెయిర్ అంతర్జాతీయ ప్రదర్శన తరువాత జనం రాక బాగా పెరిగింది. 1997లో భూమికి సుమారు 150 అడుగుల లోతున, మూడు మైళ్ళ పొడవున వరద సొరంగం కూడా పూర్తి చేశారు. ఆ మరుసటి సంవత్సరం అక్టోబరులో వచ్చిన పెద్ద వరదలో డౌన్‌టౌన్‌ను కాపాడింది ఆ సొరంగమే.

రాత్రి దీపాల్లో అందంగా ఉంటుందంటారు. మరి మధ్యాహ్నమే వెళ్ళమని ఎందుకు చెబుతున్నారు?

రాత్రి అందంగా ఉంటుందన్నది నిజమే. కానీ ఖర్చు దృష్టితో చూస్తే మధ్యాహ్నమే మేలు. నది ఒడ్డున స్థలం అద్దె ఎక్కువ కనుక మెనూ ధరలు నగరంలోని మామూలు మెక్సికన్ హోటళ్ళ కన్నా ఎక్కువగానే ఉంటాయి. ఆ తేడా బాగా తగ్గేది మధ్యాహ్నమే. చాలా రెస్టారెంట్లు పనిదినాల్లో సుమారు పదకొండు నుంచి రెండు లేదా మూడు గంటల వరకు లంచ్ మెనూ విడిగా ఇస్తాయి. రాత్రి ఇచ్చే ప్లేటు కన్నా పరిమాణం కొద్దిగా తక్కువ, ధర మాత్రం చెప్పుకోదగినంత తక్కువ. నది అదే, టేబుల్ అదే.

రెండో కారణం టేబుల్ దొరకడం. శుక్ర, శనివారాల రాత్రులు నీటి అంచు టేబుల్ కోసం చాలాసేపు నిలబడవలసి వస్తుంది. మంగళ, బుధ, గురువారాల్లో పదకొండున్నరకు ముందే చేరితే కోరుకున్న చోట కూర్చోవచ్చు. శని, ఆదివారాలు తప్ప వీలు పడనివారు పదకొండు గంటలకు, అంటే తలుపులు తీసే వేళకే రావాలి. పన్నెండు దాటితే ఎదురుచూడక తప్పదు.

లంచ్ మెనూ వారాంతాల్లో ఉండదని చెప్పే చోట్లు ఉన్నాయి. కూర్చోకముందే, తలుపు దగ్గర పేరు రాసుకునేవారిని ఈ విషయం అడగండి. బయట పెట్టిన మెనూ బోర్డును చదివి, నచ్చకపోతే పక్క చోటికి నడవడంలో మొహమాటం అక్కరలేదు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు.

నలుగురున్న కుటుంబానికి మొత్తం ఎంత అవుతుంది?

మెనూలో కనిపించే ధర మీరు చివరికి చెల్లించే ధర కాదు. శాన్ ఆంటోనియోలో అమ్మకపు పన్ను 8.25 శాతం. దాని మీద టిప్ ఉంటుంది. టెక్సస్‌లో టిప్ తీసుకునే ఉద్యోగులకు యజమాని చట్టప్రకారం గంటకు 2.13 డాలర్ల నగదు వేతనం ఇస్తే సరిపోతుంది. అందువల్ల వడ్డించేవారి సంపాదన ప్రధానంగా టిప్పే. చవకగా తినాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ పొదుపును టిప్ కోసి చేయడం మాత్రం తప్పు. 18 శాతం మర్యాదైన అంకె. సేవ బాగుంటే 20 ఇవ్వండి.

ఒక లెక్క వేసి చూద్దాం. పెద్దలిద్దరూ చెరొక 15 డాలర్ల ప్లేటు, పిల్లలిద్దరికీ కలిపి 8 డాలర్ల పిల్లల ప్లేటు ఒకటి చెప్పారనుకోండి. ఆహారం 38 డాలర్లు, పన్ను 3.14, 18 శాతం టిప్ 6.84, మొత్తం 47.98 డాలర్లు. ఇప్పుడు ఇందులో మూడున్నర డాలర్ల కూల్‌డ్రింకులు మూడు కలపండి. పన్ను, టిప్‌తో కలిసి 13 డాలర్లకు పైగా పెరుగుతుంది. దాదాపు ఇంకొక ప్లేటు ధర అది. మంచినీళ్ళు అడిగితే ఐసు వేసి ఉచితంగా ఇస్తారు. ఐసు వద్దనుకునే పెద్దలు ఉంటే ముందే చెప్పాలి, లేకపోతే గ్లాసు నిండా ఐసే వస్తుంది.

ఇక్కడి కాంబో ప్లేటులో రెండు మూడు ఎంచిలాడాలు లేదా టాకోలు (మడిచిన టోర్టియాలో కూరో మాంసమో పెట్టినవి), అన్నం, బీన్స్ కలిపి వస్తాయి. మన పెద్దలకు అది ఎక్కువే అవుతుంది. ఇద్దరికి ఒక ప్లేటు చెప్పి, పక్కన అదనంగా నాలుగు టోర్టియాలు తెప్పించుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. కొన్ని చోట్ల ప్లేటు పంచుకున్నందుకు చిన్న రుసుము వేస్తారు. మెనూ చివర చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది. ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే టిప్‌ను బిల్లులోనే కలిపివేసే పద్ధతి కూడా ఉంది. బిల్లు చూసుకోకుండా మళ్ళీ టిప్ రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

చిప్స్, సల్సా ఉచితమేనా?

టెక్సస్‌లోని చాలా మెక్సికన్ హోటళ్ళలో కూర్చోగానే ఒక బుట్ట చిప్స్, ఒక గిన్నె సల్సా (టమాటా, మిరపలతో చేసే పచ్చడి) డబ్బు లేకుండానే పెడతారు. నది ఒడ్డున కొన్ని చోట్ల వీటికి ధర వేస్తారు కనుక తినే ముందు అడగండి. అవకాడో పచ్చడి అయిన గ్వాకమోలె, కరిగించిన చీజ్ సాస్ అయిన కేసో మాత్రం దాదాపు ఎక్కడా ఉచితం కాదు.

ఇక్కడ దొరికేది అసలైన మెక్సికన్ వంటేనా?

ఎక్కువగా దొరికేది టెక్స్-మెక్స్, అంటే టెక్సస్‌లో రూపుదిద్దుకున్న మెక్సికన్ వంట. దీన్ని నకిలీ మెక్సికన్ అని చిన్నచూపు చూసేవారితో మేము ఏకీభవించము. టెక్సస్ 1836 వరకు మెక్సికోలో భాగం. శాన్ ఆంటోనియోలోని మెక్సికన్ కుటుంబాలు సరిహద్దు మారినంత మాత్రాన ఊరు వదిలిపోలేదు, వంటా మానలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ నగర కూడళ్ళలో సాయంత్రం కాగానే మెక్సికన్ మహిళలు పొయ్యిలు వెలిగించి, మిరపతో ఉడికించిన మాంసం, బీన్స్, టోర్టియాలు బల్లల మీద పెట్టి అమ్మేవారు. వారిని ‘చిలీ క్వీన్స్’ అని పిలిచేవారు. ఆరోగ్య నిబంధనల పేరుతో నగరపాలక సంస్థ వారిని ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే తొలగించింది. కానీ వారి వంట రెస్టారెంట్లలోకి చేరింది. అన్నం, బీన్స్, ఎంచిలాడా ఒకే ప్లేటులో అమ్మే పద్ధతికి 1900లో ఈ నగరంలోనే మొదలైన ‘ఒరిజినల్ మెక్సికన్ రెస్టారెంట్’ ప్రాచుర్యం తెచ్చిందని చెబుతారు.

ఈ వంటను గుర్తుపట్టడం కష్టం కాదు. జీలకర్ర వాసన ముందుగా తగులుతుంది. ఎండుమిరప పొడితో చేసిన ముదురు గోధుమరంగు గ్రేవీ, దాని మీద కరిగిన పసుపు చీజ్, పక్కన మెత్తగా మెదిపిన బీన్స్ ఉంటాయి. ప్లేటును ఓవెన్ నుంచి నేరుగా తెస్తారు కనుక వెయిటర్ గుడ్డతో పట్టుకుని దించుతూ ప్లేటు వేడిగా ఉందని హెచ్చరిస్తారు. అంచుల దగ్గర గ్రేవీ ఇంకా కుతకుతలాడుతూ ఉంటుంది. పిల్లల చేతులు అందకుండా చూసుకోండి. ఈ నగరం ప్రత్యేకత అనదగినది ‘పఫీ టాకో’. కాల్చని మొక్కజొన్న పిండి ముద్దను చపాతీలా నొక్కి నూనెలో వేస్తే పూరీలాగా పొంగుతుంది, దాన్ని మధ్యకు మడిచి లోపల కూరో మాంసమో పెడతారు. చల్లారితే మెత్తబడిపోతుంది కనుక రాగానే తినాలి.

ఈ వంటకాలన్నింటి గౌరవార్థమే అనదగినట్టు 2017లో యునెస్కో శాన్ ఆంటోనియోను వంటల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది.

శాకాహారులు ఏమి తినగలరు?

మెనూలో మాంసం పేరు లేనంత మాత్రాన అది శాకాహారం కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

అన్నింటికన్నా ముందు చూడవలసింది బీన్స్. మెదిపిన బీన్స్‌ను సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు. ఇప్పుడు చాలా చోట్ల నూనె వాడుతున్నారు, కానీ అడగకుండా నమ్మకూడదు. మెదపకుండా పులుసుగా ఇచ్చే ‘చారో బీన్స్’లో బేకన్ ముక్కలు ఉండడం పరిపాటి. ఎర్రగా కనిపించే మెక్సికన్ అన్నాన్ని టమాటాతోపాటు చికెన్ ఉడికించిన నీళ్ళలో వండుతారు. చూడడానికి మన టమాటా అన్నంలా ఉంటుంది కనుక ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడుతుంటారు. చీజ్ ఎంచిలాడా లోపల చీజే ఉన్నా, పైన పోసే గ్రేవీ మాంసం ఉడికించిన నీళ్ళతో చేసింది కావచ్చు. గోధుమ టోర్టియాల పిండిలో కొన్ని చోట్ల పంది కొవ్వు కలుపుతారు. మొక్కజొన్న పిండి ముద్దలో కూర పెట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెల పిండిలో అయితే అది దాదాపు తప్పనిసరి. కనుక శాకాహారులు తమాలెల జోలికి పోకపోవడమే మంచిది.

ఇవన్నీ చదివి నిరుత్సాహపడనక్కరలేదు. మొక్కజొన్న టోర్టియాలో సాధారణంగా మొక్కజొన్న, సున్నం, నీళ్ళు తప్ప మరేమీ ఉండవు. చీజ్ ఎంచిలాడాలను గ్రేవీకి బదులు టొమాటియో (టమాటాను పోలిన పచ్చని కాయ) సల్సాతో ఇవ్వమని అడగవచ్చు, ఆ సల్సాలో చికెన్ నీళ్ళు కలిపారేమో తెలుసుకోవాలి. ఉల్లిపాయ, క్యాప్సికం, పుట్టగొడుగులు పెనం మీద వేయించి పొగలు కక్కుతూ తెచ్చే వెజిటబుల్ ఫహీతాలు మంచి ఎంపిక. మాంసం కాల్చిన పెనం మీదే వీటినీ వేయిస్తారు కనుక నిష్ఠగా ఉండేవారు విడిగా చేయగలరా అని అడగాలి. పాలక్ లేదా పుట్టగొడుగులతో చేసిన కేసడియా (చీజ్ పెట్టి మడిచి కాల్చిన టోర్టియా), గ్వాకమోలె, బంగాళాదుంప టాకో, ముళ్ళు తీసిన నాగజెముడు ఆకులతో చేసే ‘నొపాలెస్’ కూర కూడా చాలా చోట్ల ఉంటాయి. పెద్ద పచ్చిమిరపలో చీజ్ కూరి వేయించే ‘చిలె రెయెనో’ పైపూతలో గుడ్డు ఉంటుంది. గుడ్డు తినని పెద్దలకు ముందే చెప్పండి. చీజ్ తయారీలో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ (పాలను విరిచే పదార్థం) వాడే అవకాశం ఉంది కనుక ఆ పట్టింపు ఉన్నవారు చీజ్ లేని వంటకాలకే పరిమితం కావాలి.

గొడ్డు మాంసం తినము, చికెన్ తింటాము. మాకు ఏది క్షేమం?

చికెన్ ఫహీతా, చికెన్ ఎంచిలాడా, చికెన్ టాకో ఎక్కడైనా దొరుకుతాయి. చికెన్ ఎంచిలాడాను ఆకుపచ్చ సల్సాతో గానీ మీగడ సాస్‌తో గానీ అడగండి. ఎర్ర గ్రేవీలో గొడ్డు మాంసం కలిసే అవకాశం ఎక్కువ. కొన్ని పేర్లు గుర్తుంచుకోవడం ఉపయోగం. కార్నె అసాదా, కార్నె గిసాదా, బార్బకోవా, పికాదియో అనేవి టెక్సస్‌లో సాధారణంగా గొడ్డు మాంసమే. కార్నితాస్, అల్ పాస్టోర్, చొరీసో పంది మాంసం. ఏ మాంసమో రాయకుండా ‘టాకో’ అని మాత్రమే ఉన్న కాంబో ప్లేటులో ఉండేది ఎక్కువగా గొడ్డు మాంసపు కైమాయే. ఒక్క మాటతో దాన్ని చికెన్‌గా మార్చి ఇస్తారు, అదనపు ధర సాధారణంగా ఉండదు లేదా స్వల్పంగా ఉంటుంది.

హలాల్ దొరుకుతుందా?

నది ఒడ్డున ఉన్న మెక్సికన్ రెస్టారెంట్లలో దానిని ఆశించకూడదు. రొయ్యలు, చేపల టాకోలు, కూరగాయల వంటకాలు ఎంచుకుని పంది కొవ్వు విషయం అడగడం ఆచరణీయమైన మార్గం.

వెయిటర్‌ను ఏ మాటలతో అడగాలి?

ఇంగ్లీషు అందరికీ వస్తుంది. ‘ఇది వెజిటేరియనా?’ అని అడిగితే మాంసపు ముక్కలు లేవన్న ఉద్దేశంతో అవునని చెప్పే ప్రమాదం ఉంది. అందుకే పదార్థం పేరు పెట్టి అడగాలి. బీన్స్‌లో లార్డ్ (పంది కొవ్వు) ఉందా, అన్నంలో చికెన్ బ్రాత్ (చికెన్ ఉడికించిన నీళ్ళు) ఉందా, గ్రేవీలో బీఫ్ ఉందా అని ఒక్కొక్కటిగా అడిగితే వెయిటర్ వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు. స్పానిష్‌లో పంది కొవ్వును ‘మాంతెకా’ అనీ, చికెన్ బ్రాత్‌ను ‘కాల్దో దె పొయో’ అనీ అంటారు. ‘సిన్ మాంతెకా, సిన్ కార్నె, సిన్ పొయో’ అంటే కొవ్వు, మాంసం, చికెన్ ఏవీ లేకుండా అని. చివర ‘గ్రాసియాస్’ అనడం మరవకండి. రద్దీ ఎక్కువగా ఉండే పన్నెండున్నరకు ఇన్ని ప్రశ్నలు అడగడం కన్నా పదకొండుకు అడిగితే నిదానంగా సమాధానం దొరుకుతుంది. ముందుగా వెళ్ళమనడానికి ఇది మరొక కారణం.

మనకు కారం సరిపోతుందా?

టేబుల్ మీద పెట్టే సల్సా తెలుగు నాలుకకు చప్పగానే ఉంటుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలమానంలో హలపీన్యో 2,500 నుంచి 8,000 వరకు ఉంటుంది. గుంటూరు సన్నం మిరపకాయ 35,000 దాకా వెళుతుంది. కనుక హలపీన్యో వేశామని హెచ్చరించినప్పుడు భయపడనక్కరలేదు. కావలసినంత కారం కోసం ‘చిలెస్ తోరెయాదోస్’ అడగండి. పచ్చిమిరపకాయలను పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు, నిమ్మరసం చల్లి ఇస్తారు. హలపీన్యోకు బదులు సెర్రానో కాయలతో చేయమంటే ఇంకా ఘాటుగా ఉంటాయి. హబనేరో సల్సా మాత్రం జాగ్రత్తగా రుచి చూడాలి, అది లక్ష పైమాటే.

ఈ మిరపకాయ మన దగ్గరికి వచ్చింది మెక్సికో, దాని చుట్టుపక్కల ప్రాంతాల నుంచే. పోర్చుగీసు వర్తకులు తేకముందు ఆంధ్ర వంటలో కారం అంటే మిరియాలు, అల్లం వంటివే. ఆవకాయకు మూలమైన మిరప పుట్టింటివారి వంట ఇది అని మీ పెద్దలకు చెప్పండి, తెలియని వంటకం మీద వారికున్న సంకోచం చాలావరకు తగ్గుతుంది.

మొక్కజొన్న టోర్టియానా, గోధుమ టోర్టియానా?

ఇంట్లో రోజూ చపాతీ తినేవారు అలవాటు కొద్దీ గోధుమ టోర్టియాలు చెబుతారు. మా సలహా మొక్కజొన్నవే. మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి, తడిగానే రుబ్బి ఆ ముద్దతో టోర్టియాలు చేస్తారు. వేల ఏళ్ళ నాటి ఈ పద్ధతి వల్ల మొక్కజొన్నలోని నియాసిన్ విటమిన్ శరీరానికి అందుతుంది. ఇది తెలియని దేశాల్లో మొక్కజొన్న మీదే ఆధారపడిన పేదలు పెల్లాగ్రా వ్యాధి బారిన పడ్డారు. ఆ సున్నపు వాసన, కొద్దిపాటి గరుకుదనం వేడి వేడిగా తిన్నప్పుడే తెలుస్తాయి. వాటిని చుట్టి తెచ్చిన గుడ్డ తీసి ఒక్కొక్కటే తీసుకుని మళ్ళీ కప్పేయండి, గాలి తగిలితే నిమిషాల్లో బిరుసెక్కుతాయి.

గ్లూటెన్ పడనివారికి కూడా మొక్కజొన్న టోర్టియాలే దిక్కు. అయితే ఎర్ర గ్రేవీని చిక్కబరచడానికి గోధుమపిండి వాడతారు కనుక దాన్ని మానాలి.

కూల్‌డ్రింక్ వద్దంటే తాగడానికి ఇంకేమి ఉన్నాయి?

ఒక్కటే కొని పంచుకుంటామంటే ‘ఆగువా ఫ్రెస్కా’ అనే చల్లని పానీయాలలో ఒకటి ఎంచుకోండి. ‘హమైకా’ అనే ఎర్రని పానీయం గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలతో చేసినది, పులుపు మనకు తెలిసినదే. ‘తమరిందో’ చింతపండు పానకం. ‘ఓర్చాతా’ బియ్యం, దాల్చినచెక్కతో చేస్తారు. పిల్లలు ఇష్టపడతారు.

నది బాగా కనిపించే టేబుల్ ఏది?

నీటి అంచున గొడుగుల కింద వేసిన మొదటి వరుసే అందరూ కోరుకునేది. పడవలు చేయి చాపితే అందేంత దగ్గరగా సాగిపోతాయి, అందులోని పర్యాటకులు మీ ప్లేటు వైపు చూసి చేయి ఊపుతారు. కానీ ఆ వరుసకూ నీటికీ మధ్య చాలా చోట్ల కటకటాలు ఉండవు. అంబాడే పిల్లలు, పరుగెత్తే వయసు పిల్లలు ఉన్న కుటుంబాలు రెండో వరుసలో, గోడ వైపు కూర్చోవడమే మంచిది. అక్కడి నుంచి కూడా నది పూర్తిగా కనిపిస్తుంది, పైగా దారిన పోయేవారి సంచులు తగలవు.

మొదటి వరుసలో మరొక ఇబ్బంది గ్రాకిల్ పక్షులు. కాకి కన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడుతూ పొడవైన తోకతో ఉంటాయి. మీరు అటు తిరగగానే టేబుల్ అంచున వాలి, బుట్టలోంచి ఒక చిప్‌ను ముక్కున కరుచుకుని, గొడుగు మీదకు ఎగిరి కూర్చుని తింటాయి. చిప్స్ బుట్ట మీద న్యాప్‌కిన్ కప్పి ఉంచండి. ఒక్కదానికి పెడితే పది వస్తాయి కనుక పిల్లలను వాటికి తిండి వేయనివ్వకండి.

నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు కనిపించకుండా ఉంటాయి. మురికినీరు అనుకుని ముఖం చిట్లించేవారు ఉంటారు. ప్రవాహం నిలబెట్టడానికి ఎగువన శుద్ధి చేసిన నీటిని నదిలోకి వదులుతారు. టేబుల్ దగ్గర దుర్వాసన ఉండదు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు దిగగలరా?

దిగగలరు. వీధి నుంచి కిందికి మెట్లు ఎక్కువగా ఉన్నా, కొన్ని చోట్ల లిఫ్టులు, వాలు దారులు ఉన్నాయి. కొన్ని రెస్టారెంట్లకు వీధి వైపు కూడా తలుపు ఉండి, లోపలి లిఫ్టులో నది మట్టానికి దింపుతారు. బాట రాళ్ళు అక్కడక్కడ ఎగుడుదిగుడుగా, తడిగా ఉంటాయి. చీర కట్టుకున్నవారు, చెప్పులు జారేవారు నిదానంగా నడవాలి.

ఏ నెలలో వెళితే బాగుంటుంది?

మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలలు బయట కూర్చోవడానికి హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 35 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. విజయవాడ ఎండ చూసినవారికి అది కొత్త కాకపోయినా, వేడి ప్లేటు ముందు పెట్టుకుని గంటసేపు కూర్చోవడం కష్టమే. ఆ నెలల్లో పదకొండు గంటలకే తినేయడం లేదా లోపల కిటికీ పక్కన కూర్చోవడం మంచిది.

ఏప్రిల్‌లో జరిగే ఫియెస్తా ఉత్సవం 1891 నుంచి వస్తున్నది. చూడదగినదే కానీ ఆ రోజుల్లో చవకగా, ప్రశాంతంగా భోజనం చేయాలన్న ఆశ పెట్టుకోకూడదు. జనవరిలో కొన్ని సంవత్సరాలు నదిని కొద్దిరోజులపాటు ఖాళీ చేసి అడుగు శుభ్రం చేస్తారు. నది కోసమే వెళ్ళేవారు బయలుదేరే ముందు ఆ తేదీలు చూసుకోవాలి, లేకపోతే బురద చూస్తూ తినవలసి వస్తుంది.

కారు ఎక్కడ నిలపాలి?

డౌన్‌టౌన్ పార్కింగ్ భవనాల్లో నిలపాలి. నదికి ఆనుకుని ఉన్నవాటికన్నా నాలుగైదు వీధుల దూరంలో ఉన్నవి చవక. భోజనంలో మిగిల్చినదంతా పార్కింగ్‌లో పోకుండా ఉండాలంటే ఆ కొద్ది దూరం నడవాలి. పెద్దలను ముందు మెట్ల దగ్గరో లిఫ్టు దగ్గరో దింపి, తరువాత కారు పెట్టి రండి.

రెస్టారెంటులో కూర్చోకుండా, బయట కొన్న టాకోలు తెచ్చుకుని నది ఒడ్డున తినవచ్చా?

తినవచ్చు, ఇంతకన్నా చవకైన మార్గం లేదు. రెస్టారెంట్ల టేబుళ్ళ దగ్గర కూర్చోకూడదు, కానీ బాట పక్కన బెంచీలు ఉన్నాయి. లా వియీతా అనే పాత పేట దగ్గర ఆర్నెసన్ రివర్ థియేటర్ అనే ఆరుబయలు రంగస్థలం ఉంది. వేదిక నదికి ఒక ఒడ్డున, గడ్డి పరచిన మెట్ల ఆసనాలు రెండో ఒడ్డున ఉంటాయి, మధ్యలో నది పారుతుంది. ప్రదర్శన లేని మధ్యాహ్నాల్లో ఆ మెట్ల మీద కూర్చోవచ్చు. నగరంలోని పడమటి, దక్షిణ పేటల్లో పనివారు తినే తకేరియాలు అనే చిన్న టాకో దుకాణాలలో టాకోల ధర నది ఒడ్డు ధరలో సగం దాకా తక్కువగా ఉంటుంది, రుచిలో చాలాసార్లు అవే మెరుగు. బీన్-చీజ్ టాకో, బంగాళాదుంప-గుడ్డు టాకో కట్టించుకుని రండి. శాకాహారులు బీన్స్ గురించిన ప్రశ్న అక్కడా అడగాలి. కాగితాలు, మిగిలిన తిండి చెత్తబుట్టలోనే వేయండి.

మిగిలిన భోజనం కట్టించుకోవచ్చా?

అడిగితే పెట్టె ఇస్తారు, దానికి ఎవరూ తప్పుపట్టరు. ఎండాకాలంలో కారులో వదిలి ఊరు చూడడానికి వెళితే గంట రెండు గంటల్లో పాడవుతుంది. నదిలో పడవ యాత్ర చేయాలన్న ఆలోచన ఉంటే దాన్ని భోజనానికి ముందే ముగించండి. సుమారు 35 నిమిషాలు పడుతుంది, పదకొండులోపు వరుసలు చిన్నవిగా ఉంటాయి, దిగాక నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్ళవచ్చు.